మామా, బావమరిదా? వంశవృక్షంలో ఒక వరస తేల్చే ప్రాజెక్టు డైరీ

పని ఇదీ

రాజాం వైపు ఒకాయన, నరసన్నపేట వైపు ఇంకొకాయన. ఇద్దరూ ఒకే పెద్దాయన సంతతి. నరసన్నపేట ఆయన రాజాం ఆయన్ని "బావా" అని పిలుస్తాడు. రాజాం ఆయన తల్లి మాత్రం నరసన్నపేట ఆయన్ని "తమ్ముడూ" అంటుంది. తల్లికి తమ్ముడైతే కొడుక్కి మామ అవ్వాలి గానీ బావమరిది ఎలా అవుతాడు? పైగా మామ కావాల్సిన మనిషి మేనల్లుడికంటే నాలుగేళ్ళు చిన్న. ఏ పెళ్ళిలో కలిసినా ఈ మాట లేస్తుంది, భోజనాలయ్యేసరికి ఎవరి వాదన వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది.

తేల్చాల్సినవి మూడు. ఇద్దరి మధ్య, పైతరాల మీదుగా ఒకరి నుంచి ఇంకొకరి దాకా, ఎన్ని దారులున్నాయి? ఒక్కో దారిలో ఏ వరస వస్తుంది? వరసలు కలవకపోతే ఆ చిక్కు ఏ పెళ్ళి దగ్గర పడింది? మొత్తం వంశవృక్షం కట్టడం వేరే పని, దానికి అంతుండదు. ఇద్దరి వరస తేలడానికి ఆ ఇద్దరి పైతరాలు, వాళ్ళ తోబుట్టువులు, వాళ్ళ పెళ్ళిళ్ళు ఉంటే సరిపోతుంది. ఇక్కడ చివరికి అక్కరకొచ్చినవి పద్నాలుగు నంబర్లే. బతికున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి పేర్లు రాయడం లేదు.

షీటు

లిబ్రే ఆఫీస్ కాల్క్‌లో ఒకే షీటు. మనిషికి ఒక వరుస, ఒక నంబరు. ఒకసారి ఇచ్చిన నంబరు మార్చకూడదు, మనిషిని తీసేసినా ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వకూడదు. కాలమ్‌లు: నంబరు, పేరు, ఇంట్లో పిలిచే పేరు, ఆడ/మగ, తండ్రి నంబరు, తల్లి నంబరు, జత (భార్య లేదా భర్త) నంబరు, పుట్టిన ఏడు, కన్నవారి ఇంటిపేరు, కన్నవారి ఊరు, మెట్టిన ఇంటిపేరు, మెట్టిన ఊరు, ఆధారం, నమ్మకం.

చుట్టరికం చెప్పే కాలమ్‌లు తండ్రి, తల్లి, జత, ఈ మూడే. "మామ", "అన్న", "పిన్ని" అని కాలమ్‌లు పెట్టకూడదు. అవి లెక్కలో తేలేవి, ఎక్కించేవి కావు. "ఫలానా ఆయన మాకు మామ" అన్న మాటని అలాగే ఎక్కిస్తే అతను అమ్మకి సొంత అన్నదమ్ముడా, పెదనాన్న కొడుకా, నాన్నకి బావా, వీధిలో పెద్దాయనా అన్నది మరి తెలియదు. ఆ మాటని ఆధారం కాలమ్‌లో రాసుకోవాలి, అంతే.

ఆడ/మగ గడి ఖాళీగా వదలకూడదు. ఉత్తరాంధ్రలో సింహాచలం అనే పేరు ఆడవాళ్ళకీ ఉంది, మగవాళ్ళకీ ఉంది. పేరు చూసి ఊహించి నింపితే మేనత్త కాస్తా చిన్నాన్న అయిపోతుంది, కిందున్న వరసలన్నీ తలకిందులవుతాయి.

నమ్మకం కాలమ్‌లో మూడక్షరాలు: కాగితం ఉంటే క, ఇద్దరు విడివిడిగా ఒకటే చెబితే ఖ, ఒక్కరి మాటే అయితే గ. ఒక దారిలో ఎక్కడైనా గ ఉంటే ఆ దారి మొత్తం గ.

అడగడం

"వాళ్ళు మీకేమవుతారు?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే వచ్చేది పిలుపు, చుట్టరికం కాదు. అడగాల్సినవి: "ఎవరి కొడుకు? వాళ్ళమ్మ కన్నవారెవరు, ఏ ఊరు? ఆవిడకి తోబుట్టువులెంతమంది, పెద్ద ఎవరు, కడగొట్టు ఎవరు?" ఒక తరం తోబుట్టువులందరినీ పుట్టిన వరసలో పూర్తిగా రాసుకున్నాకే పై తరానికి వెళ్ళాలి. పసితనంలో పోయినవాళ్ళని కూడా అడగాలి. అన్న పోయాక పుట్టిన తమ్ముడికి అదే పేరు పెట్టిన ఇళ్ళున్నాయి. మనవడికి తాత పేరు పెట్టే ఆనవాయితీ సరేసరి. ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంటుంది.

ఆడవాళ్ళ వైపు చుట్టరికాలు ఆడవాళ్ళకే బాగా గుర్తుంటాయి. మగవాళ్ళని అడిగితే ఇంటిపేరు వెంబడి నాలుగు తరాలు పైకి గడగడా చెబుతారు, తాత అక్కచెల్లెళ్ళని ఎక్కడికిచ్చారంటే తడుముకుంటారు. ఈ పనిలో ముడులన్నీ ఆ ఇచ్చిన చోట్లలోనే ఉంటాయి.

పిలుపులతో జాగ్రత్త. అక్కని "అప్ప" అనే ఇళ్ళు ఇక్కడ చాలా. కొన్ని ఇళ్ళలో కన్నతండ్రినే "బాబు" అంటారు, పక్కింటివాళ్ళు అదే మాట ఇంకొకరికి వాడతారు. అలాంటి మాట వచ్చినప్పుడల్లా "అంటే మీ అమ్మకి ఏమవుతుంది?" అని ఇంకో ప్రశ్న వేయాలి.

తారీఖులు తెలియనివాళ్ళు తెలుగు సంవత్సరం చెబుతారు. 9వ నంబరు ఆవిడ (నరసన్నపేట ఆయన తల్లి, నంబర్లన్నీ కింద ఉన్నాయి) జాతకం కాగితంలో ఖర నామ సంవత్సరం, మాఘ మాసం అని ఉంది. ఖర 1891లో వచ్చింది, 1951లో వచ్చింది, 2011లో వచ్చింది. తల్లి వయసు బట్టి ఇక్కడ కుదిరేది మధ్యదే. అయితే ఆ సంవత్సరం 1951 ఉగాదికి మొదలై 1952 ఉగాదికి ముగిసింది. మాఘం అందులో పదకొండో నెల. కాబట్టి షీటులో ఎక్కాల్సింది 1952. పెద్దా చిన్నా తేడా ఏడాది లోపు ఉన్నచోట ఈ ఒక్క అంకె వదినని మరదలు చేసేస్తుంది.

కాగితాలు

అన్నిటికంటే పనికొచ్చింది పాత పెళ్ళిళ్ళ చదివింపుల పుస్తకం. మూలలకి పసుపు పెట్టిన రూళ్ళ పుస్తకం, పేజీకి మూడు నిలువు గీతలు: పేరు, ఊరు, రూపాయలు. 116, 516, 1116. మేనమామలవీ ఆడపడుచులవీ మొదటి పేజీల్లోనే దొరుకుతాయి. పేరు పక్కన ఊరు తప్పకుండా రాస్తారు కాబట్టి ఆడపిల్లని ఏ ఊరిచ్చారో అక్కడ దొరుకుతుంది. ఒకటే మెలిక: కొన్నిచోట్ల పేరు పక్కన "బావ", "చిన్నాన్న" అని రాసి ఉంటుంది. అది పెళ్ళివారికి వరసా, పుస్తకం రాసిన మనిషికి వరసా అన్నది తేల్చుకోవాలి. రాసిన చేయి ఎవరిదో తెలియకపోతే ఆ మాటని వదిలేసి పేరూ ఊరూ మాత్రం తీసుకోవాలి.

శుభలేఖలు రెండో సాయం. కింద ఉన్న ఆహ్వానించువారి వరసలో పెద్ద ముందు, చిన్న వెనక. పుట్టిన ఏళ్ళు తెలియని అన్నదమ్ములకి ఆ వరసే ఆధారం.

పంపకం దస్తావేజుల్లో కొడుకులందరూ తండ్రి పేరుతో, వయసుతో, ఊరుతో ఉంటారు. కూతుళ్ళు కనబడకపోతే కూతుళ్ళు లేరని అనుకోకూడదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది, అదీ ఆ రోజుకి పెళ్ళికానివాళ్ళకే. దేశమంతటా 2005 సెప్టెంబరు 9 నుంచి. అంతకు ముందటి పంపకాల్లో ఆడపిల్లల ఊసు తరచుగా ఉండదు. ఈ పనిలో 4వ నంబరు ఆవిడ (పెద్దాయన కూతురు) అన్నదమ్ముల పంపకం కాగితంలో ఎక్కడా లేదు. ఆమె లేకపోతే అసలు కథే లేదు.

జిల్లా పేరు చూసి కంగారు పడనక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా చికాకోల్ (ఇప్పటి శ్రీకాకుళం), టెక్కలి వైపు ఊళ్ళు గంజాం జిల్లాలో ఉండేవి. తరవాత విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా వచ్చింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడేదాకా బొబ్బిలి, పార్వతీపురం, చీపురుపల్లి శ్రీకాకుళంలోనే. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చి పాలకొండ అటు వెళ్ళింది. ఒకే ఇంట్లో తాత కాగితం గంజాం జిల్లాది, తండ్రిది విశాఖపట్నం జిల్లాది, కొడుకుది శ్రీకాకుళం జిల్లాది అయినా ఇల్లు కదిలినట్టు కాదు. ఊరు కాలమ్‌లో కాగితంలో ఉన్నట్టు ఒకసారి, ఇప్పటి మండలం జిల్లాతో ఇంకోసారి రాయాలి. ఉత్త "కొత్తవలస" అని రాసి వదిలితే ఏ కొత్తవలసో తరవాత ఎవరూ చెప్పలేరు.

ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీల చిట్టా) 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువాటికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత వాల్యూములే గతి. పంచాయతీ జననాల రిజిస్టరులో చాలాసార్లు బిడ్డ పేరు ఉండదు, తండ్రి పేరు, "మగ" లేదా "ఆడ", తేదీ మాత్రమే ఉంటాయి. పేరుతో వెతికితే దొరకదు, తండ్రి పేరుతో వెతకాలి.

ఒకే మనిషికి రెండు నంబర్లు

ఇలాంటి షీటుల్లో తప్పకుండా వచ్చే జబ్బు ఇది. 4వ నంబరు ఆవిడ పిల్లల్ని రాసేటప్పుడు కూతురికి ఒక నంబరు పడుతుంది, కన్నవారి ఇంటిపేరుతో. 5వ నంబరు ఆయన (పెద్దాయన కడగొట్టు కొడుకు) భార్యని రాసేటప్పుడు ఇంకో నంబరు పడుతుంది, మెట్టిన ఇంటిపేరుతో. ఇద్దరూ ఒకరే. రెండు నంబర్లుగా ఉన్నంతసేపు నరసన్నపేట ఆయనకి తల్లి వైపు దారులు తెగిపోయి ఉంటాయి, వరస "మామ" అని ఒక్కటే తేలుతుంది, లెక్క సరిగ్గా ఉన్నట్టే కనబడుతుంది కూడా.

పట్టుకునే పద్ధతి: కన్నవారి ఇంటిపేరు, కన్నవారి ఊరు కాలమ్‌ల మీద షీటుని సార్ట్ చేయాలి. ఆడవాళ్ళ వరుసల్లో ఈ రెండూ కలిసి, పుట్టిన ఏడు రెండేళ్ళ లోపు ఉన్న జతలన్నీ చూడాలి. మేనరికాలు ఉన్న ఇళ్ళలో కోడలిగా ఎక్కిన ప్రతి ఆడమనిషికీ "ఈవిడ ఈ షీటులో ఎవరి కూతురైనా అవుతుందా?" అని అడగాలి. సగంసార్లు అవుతుంది.

ఇంటిపేరు ఒకటే కదా అని ఇద్దర్ని కలిపేయడం దీనికి తిరగబడ్డ తప్పు. ఒకే ఇంటిపేరు వేరువేరు కులాల్లో, వేరువేరు ఊళ్ళలో ఏ చుట్టరికమూ లేకుండా ఉంటుంది. కలపడానికి తల్లీతండ్రీ ఇద్దరి నంబర్లూ కుదరాలి.

నంబర్లు కలిపాక బయటపడిన కట్టు:

1, 2: పెద్దాయన, ఆయన భార్య.
3: వాళ్ళ పెద్ద కొడుకు. భార్య 6.
4: వాళ్ళ కూతురు. భర్త 8.
5: వాళ్ళ కడగొట్టు కొడుకు.
7: 3, 6ల కూతురు.
10: 4, 8ల కొడుకు. 9: వాళ్ళ కూతురు, 10కి చెల్లెలు.
5కి 9నిచ్చి చేశారు, అంటే మేనమామకి మేనకోడల్ని. వాళ్ళ కొడుకు 11, నరసన్నపేట ఆయన. కూతురు 13.
10కి 7నిచ్చి చేశారు, మామ కూతుర్ని. వాళ్ళ కొడుకు 12, రాజాం ఆయన. కూతురు 14.

దారులు తీయడం

పైతరాలకి గడి నంబర్లు ఇచ్చే పాత పద్ధతి వాడాం. మనిషి గడి 1. ఎవరి గడి ఎంతైతే వాళ్ళ తండ్రిది దానికి రెట్టింపు, తల్లిది రెట్టింపుకి ఒకటి ఎక్కువ. తండ్రి 2, తల్లి 3, తండ్రి తండ్రి 4, తల్లి తల్లి 7, ఇలా. ఇది గడి నంబరు, షీటులో మనిషి నంబరు వేరు. రెండిటికీ వేరే రంగులు పెట్టుకోకపోతే బుర్ర తిరుగుతుంది.

11కి గడులు నింపితే 1వ నంబరు పెద్దాయన రెండుచోట్ల వస్తాడు: గడి 4 (నాన్నకి నాన్న), గడి 14 (అమ్మ తల్లికి నాన్న). 12కి నింపితే ఆయనే గడి 10లో, గడి 12లో వస్తాడు. రెండు రెళ్ళు నాలుగు. ప్రతి జంటకీ ఒక దారి రాసి చూడాలి.

గడి 4, గడి 12: 11, 5, పెద్దాయన, 3, 7, 12. ఇది దారి అ.
గడి 4, గడి 10: 11, 5, పెద్దాయన, 4, 10, 12. ఇది దారి ఆ.
గడి 14, గడి 12: 11, 9, 4, పెద్దాయన, 3, 7, 12. ఇది దారి ఇ.
గడి 14, గడి 10: 11, 9, 4, పెద్దాయన, 4, 10, 12. ఇందులో 4వ నంబరు ఆవిడ రెండుసార్లు వచ్చింది. ఒక మనిషి మీదుగా ఎక్కి మళ్ళీ అదే మనిషి మీదుగా దిగే దారి చెల్లదు, కొట్టేయాలి. పెద్దాయన దాకా వెళ్ళక్కర్లేకుండా 4 దగ్గరే ఆగితే చాలు: 11, 9, 4 (భర్త 8తో), 10, 12. ఇది దారి ఈ. అన్నిటికంటే చిన్నది ఇదే.

ఈ కొట్టివేత చేయకపోతే దారి ఈని రెండుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది.

వరస లెక్క

నాన్న అన్నదమ్ములు తండ్రి వరస, అమ్మ అక్కచెల్లెళ్ళు తల్లి వరస, వాళ్ళ పిల్లలు మనకి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ. నాన్న అక్కచెల్లెళ్ళు అత్తలు, అమ్మ అన్నదమ్ములు మామలు, వాళ్ళ పిల్లలు బావలు, బావమరుదులు, వదినలు, మరదళ్ళు. ఇంతవరకు చిన్నపిల్లలకీ తెలుసు. దూరపు చుట్టాల దగ్గరికి వచ్చేసరికి తడబడేది రెండో మెట్టు:

నాన్నకి అన్నదమ్ముల వరస అయినవాడు, ఎంత దూరమైనా, పెదనాన్నో చిన్నాన్నో.
నాన్నకి బావ, బావమరిది అయినవాడు మామ.
నాన్నకి వదిన, మరదలు అయినావిడ పెద్దమ్మో పిన్నో.
అమ్మకి అన్నదమ్ముల వరస అయినవాడు మామ.
అమ్మకి వదిన, మరదలు అయినావిడ అత్త.
అమ్మకి బావ, మరిది అయినవాడు పెదనాన్నో చిన్నాన్నో.
మగవాడికి: అక్కచెల్లెళ్ళ పిల్లలూ, బావ బావమరుదుల పిల్లలూ మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు. అన్నదమ్ముల పిల్లలూ, వదిన మరదళ్ళ పిల్లలూ కొడుకులు, కూతుళ్ళు.

దారిలో ఒక్కో మెట్టుకీ ఈ సూత్రాల్లో ఒకటి వేసుకుంటూ పోవాలి. మొత్తం దారిని ఒకేసారి ఊహించడానికి ప్రయత్నిస్తేనే తప్పులు. పెద్దా చిన్నా దగ్గర ఎవరితో పోల్చాలో చూసుకోవాలి: పెదనాన్నా చిన్నాన్నా అనేది నాన్న వయసుతో పోల్చి, బావా బావమరిదా అనేది మన వయసుతో పోల్చి.

12 (రాజాం ఆయన) వైపు నుంచి 11ని చూస్తే:

దారి అ. అమ్మ 7కి 5 చిన్నాన్న. చిన్నాన్న కొడుకు 11 అమ్మకి తమ్ముడు. అమ్మ తమ్ముడు మామ.
దారి ఆ. నాన్న 10కి 5 మేనమామ. మేనమామ కొడుకు 11, వయసులో చిన్న కాబట్టి, నాన్నకి బావమరిది. నాన్న బావమరిది మామ.
దారి ఇ. అమ్మ 7, 9 మేనత్త మేనమామల పిల్లలు. 9 చిన్న కాబట్టి అమ్మకి మరదలు. అమ్మ మరదలు అత్త, అత్త కొడుకు 11 చిన్న కాబట్టి బావమరిది.
దారి ఈ. నాన్న 10కి 9 చెల్లెలు. ఆవిడ మేనత్త, ఆవిడ కొడుకు బావమరిది.

రెండు దారులు మామ అన్నాయి, రెండు బావమరిది అన్నాయి.

తిరగేసి 11 వైపు నుంచి కూడా వేసి చూడాలి. ఇది సరిచూసుకునే మెట్టు, మానకూడదు. దారి అ: 7 పెదనాన్న కూతురు, అక్క, అక్క కొడుకు 12 మేనల్లుడు. దారి ఆ: 10 మేనత్త కొడుకు, బావ, బావ కొడుకు మేనల్లుడు. దారి ఇ: 7 అమ్మకి వదిన, అంటే అత్త, అత్త కొడుకు 12 పెద్ద కాబట్టి బావ. దారి ఈ: 10 మేనమామ, ఆయన కొడుకు బావ. మామకి ఎదురు మేనల్లుడు, బావమరిదికి ఎదురు బావ. నాలుగూ సరిపోయాయి. ఎక్కడైనా ఎదురు వరస కుదరకపోతే తప్పు సూత్రంలో కాదు, షీటులో ఒక ఆడ/మగ గడిలోనో పుట్టిన ఏడులోనో ఉంటుంది.

చిక్కు ఎక్కడ పడింది

అ, ఆ రెండు దారులూ 11 తండ్రి 5 మీదుగా వెళతాయి. ఇ, ఈ రెండూ 11 తల్లి 9 మీదుగా. తండ్రి వైపు నుంచి ఏ దారిన వచ్చినా మామ, తల్లి వైపు నుంచి ఏ దారిన వచ్చినా బావమరిది. అంటే నాలుగు వరసలు కాదు, రెండే. ఆ రెండూ విడిపోయిన చోటు 5, 9ల పెళ్ళి.

ఇలాంటి వాదన వచ్చినప్పుడు జనం మొదట వేలు చూపేది 10, 7ల మేనరికం మీద. దాని తప్పేమీ లేదు. బావా మరదళ్ళు ఒకే తరం. తండ్రి వైపు లెక్కలో 7 అక్క, అక్క మొగుడు 10 బావ. తల్లి వైపు లెక్కలో 10 మామ, మామ పెళ్ళాం 7 అత్త. ఏ లెక్క తీసుకున్నా ఆ జంట జంటగానే ఉంది. మేనరికం ఎన్నిసార్లు చేసినా తరం జరగదు. మేనమామకి మేనకోడల్నిచ్చినప్పుడు మాత్రం ఆ అమ్మాయి ఒక తరం పైకి ఎక్కుతుంది, ఆమె పిల్లలకి తండ్రి వైపు ఒక తరం, తల్లి వైపు ఇంకో తరం పడుతుంది. కాబట్టి ఏ షీటులోనైనా వరస రెండుగా చీలితే ముందు చూడాల్సింది ఇలాంటి పెళ్ళిళ్ళని. జత కాలమ్ పట్టుకుని, భర్తకీ భార్యకీ పెద్దాయన నుంచి ఎన్ని మెట్లు అని రెండు అంకెలు వేసుకుంటే దొరికిపోతుంది: 5కి ఒక మెట్టు, 9కి రెండు. 10కి రెండు, 7కి రెండు.

మరి ఏది ఖాయం చేయాలి? పిలుపు వరకైతే దగ్గర దారిదే పైచేయి, అది దారి ఈ. నరసన్నపేట ఆయన "బావా" అనడం సరే. రాజాం ఆయన తల్లి "తమ్ముడూ" అనడమూ సరే, ఆవిడ తన వైపు దారి వాడుతోంది. ఇద్దరిలో ఎవరూ తప్పు పిలవడం లేదు.

సంబంధం కలుపుకునే విషయమైతే దగ్గర దారి ఒక్కటీ చూస్తే చాలదు. 12 చెల్లెలు 14కి 11ని చూస్తే తండ్రి వైపు లెక్కలో మామ, తల్లి వైపు లెక్కలో బావ. ఎటు చూసినా ఇచ్చిపుచ్చుకునే వరసే. 11 చెల్లెలు 13ని 12కి చూస్తే మాత్రం తల్లి వైపు మరదలు, తండ్రి వైపు పిన్ని. ఒక వైపు వరస కలిసింది, ఇంకో వైపు తప్పింది. ఒకే రెండు ఇళ్ళ మధ్య ఒక సంబంధం నిక్షేపంలా ఉండి రెండోది పనికిరాకుండా పోవడానికి కారణం ఇదే. పెద్దలు "అటిస్తాం గానీ ఇటు తేకూడదు" అంటే మొండితనం కాదు, లెక్కే. 1955 హిందూ వివాహ చట్టం అసలు అన్నాచెల్లెళ్ళ పిల్లల మధ్య, మేనమామ మేనకోడళ్ళ మధ్య పెళ్ళిని నిషిద్ధ బంధుత్వాల్లోనే పెట్టింది, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. అందుకని ఇక్కడ ఆచారమే మాట్లాడుతుంది, ఆచారానికి దారులన్నీ కావాలి.

గ్రాంప్స్‌లో

షీటుని సీఎస్‌వీ చేసి గ్రాంప్స్‌లోకి ఎక్కించాం. వంశవృక్షాలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇది, ఉచితం, తెలుగు అక్షరాలు అలాగే తీసుకుంటుంది. అందులో ఉన్న రిలేషన్‌షిప్ కాలిక్యులేటర్ 11, 12 ఫస్ట్ కజిన్స్ అని చెబుతుంది. దగ్గర దారి ఈని పట్టుకుంది, తప్పు లేదు. కానీ ఫస్ట్ కజిన్ అంటే మనకి అన్నా, బావా, తెలియదు. ఆ లెక్క ఎన్ని మెట్లు ఎక్కి దిగాం అన్నదే చూస్తుంది, మెట్టు మీద ఉన్నది ఆడా మగా అన్నది చూడదు. మన వరసకి అదే ప్రాణం. ఇద్దరిలో ఒకరిని హోమ్ పర్సన్‌గా పెట్టి, రెండోవారి మీద క్విక్ వ్యూలో సంబంధాలన్నీ అడిగితే మిగతా దారులు బయటికొస్తాయి. ఎన్ని తరాల దాకా వెతకాలో సెట్టింగుల్లో ఒక హద్దు ఉంటుంది, పెద్ద చెట్టులో అది చూసుకోవాలి. దారులు మిషన్‌తో తీయించి, వరస చేత్తో వేయడమే మేలు.

రక్తం లెక్క

ఇది వరసకి అక్కర్లేదు, కానీ డీఎన్ఏ పరీక్షలు చేయించుకునేవాళ్ళు అడుగుతారు. దంపతుల మీదుగా వెళ్ళే ఒక్కో దారికి, దారిలో ఎన్ని మెట్లుంటే అన్నిసార్లు సగం చేసి, దంపతులిద్దరు కాబట్టి రెట్టింపు చేయాలి. దారి ఈకి నాలుగు మెట్లు: 1/8. అ, ఆ అయిదేసి మెట్లు: 1/16, 1/16. ఇ ఆరు మెట్లు: 1/32. మొత్తం 9/32, అంటే 28 శాతం. మామూలు బావా బావమరుదులకి 12.5 శాతమే. వీళ్ళిద్దరి తల్లిదండ్రులూ దగ్గర చుట్టాలే కాబట్టి ఆ సర్దుబాటు చేస్తే 26కి దగ్గరగా వస్తుంది. అది సవతి అన్నదమ్ములకీ, సొంత మేనమామ మేనల్లుళ్ళకీ ఉండే లెక్క. పరీక్ష చేసే కంపెనీ రిపోర్టులో "హాఫ్ బ్రదర్" అని వస్తే ఇంట్లో గొడవ పెట్టుకోనక్కర్లేదు. ఆ రిపోర్టు మేనరికాలు లేని చెట్టుని ఊహించుకుని చెబుతుంది.

బొమ్మ

మామూలు చెట్టు బొమ్మలో 9 రెండుచోట్ల పడుతుంది, ఒకచోట కూతురిగా, ఒకచోట భార్యగా. చూసినవాళ్ళు ఇద్దరనుకుంటారు. గ్రాంప్స్‌లో రిలేషన్‌షిప్ గ్రాఫ్ రిపోర్టు తీస్తే మనిషికి ఒకే పెట్టె ఉండి గీతలు చుట్టుకుని వస్తాయి. చూడ్డానికి అంత అందంగా ఉండదు, కానీ నిజం అదే. తెలుగు ఒత్తులు విడిపోయి అక్షరం పక్కన సున్నా చుట్టినట్టు వస్తే ఫాంటు నోటో సాన్స్ తెలుగుకి మార్చి, పీడీఎఫ్ బదులు ఎస్‌వీజీగా తీసి బ్రౌజర్ నుంచి ప్రింటు ఇవ్వాలి. పద్నాలుగు పెట్టెలకి ఏ3 కాగితం చాలు. 5, 9ల మధ్య గీత ఎర్రది, నాలుగు దారులకి నాలుగు రంగులు. ఇంటి బయటికి ఇచ్చే కాపీలో బతికున్నవాళ్ళ పుట్టిన తేదీలు తీసేయాలి.

మిగిలినవి

8వ నంబరు ఆయన అన్న రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళాడు, 1942లో జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు తిరిగొచ్చినవాళ్ళలో ఉన్నాడని ఒక్కరి మాట. షీటులో గ. ఆయన సంతతి ఖరగ్‌పూర్ రైల్వే వైపు ఉన్నట్టు చెబుతున్నారు. ఈ ఇద్దరి వరసకి ఆ కొమ్మ అడ్డం రాదు, కాబట్టి అది పక్కన.

6వ నంబరు ఆవిడ తమ్ముణ్ణి టెక్కలి వైపు దత్తతిచ్చారు. అతని వరుసలో తండ్రి, తల్లి కాలమ్‌లు రెండేసి కావాలి: కన్న, పెంచిన. గ్రాంప్స్‌లో పిల్లకి తల్లిదండ్రులతో సంబంధం "బర్త్", "అడాప్టెడ్" అని విడివిడిగా పెట్టే వీలుంది. 1956 దత్తత చట్టం ప్రకారం దత్తుడు పెంచినవారి బిడ్డే, కానీ కన్నవారింట్లో ఎవరిని చేసుకోకూడదో వాళ్ళని దత్తత తరవాత కూడా చేసుకోకూడదు. అంచేత పిలుపుకి పెంచిన దారి, సంబంధాలకి రెండు దారులూ తీయాలి. అతని పిల్లల వరసలు అడిగారు, ముందు దత్తత కాగితం దొరకాలి.